ఆ పసుపు దీపం మనకోసం పెట్టింది కాదు

మా కారు డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో ఉండే పసుపు దీపం, అదే చెక్ ఇంజిన్ లైటు, మొదటిసారి వెలిగిన రోజు నేనేం చేశానో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. బండి పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, పది దాకా లెక్కపెట్టి మళ్లీ స్టార్ట్ చేశాను. కంప్యూటర్ మొరాయిస్తే చేసే వైద్యమే. లైటు అక్కడే ఉంది. రెండోసారి ఇరవై దాకా లెక్కపెట్టాను. అప్పుడూ ఉంది. ఇంజిన్ మాత్రం ఎప్పటిలాగే నడుస్తోంది. కుదుపు లేదు, పొగ లేదు, వాసన లేదు. "బానే నడుస్తోంది కదా" అనుకుని పదకొండు రోజులు అలాగే తిప్పాను. పన్నెండో రోజు రాత్రి ఎందుకో భయం పట్టుకుంది. ఇంజిన్ లోపల ఏదో కాలిపోతోందని, నడిరోడ్డు మీద ఆగిపోతుందని ఊహించుకుని నిద్ర పాడుచేసుకున్నాను. తెల్లారగానే షెడ్డుకు పరిగెత్తాను. ఆ తర్వాతి కథలో ఏ తప్పూ చేయని ఒక సెన్సర్ బలైపోయింది. దాని దగ్గరకు వస్తాను.

పదకొండు రోజుల నిర్లక్ష్యమూ, ఒక్క రాత్రి భయమూ ఒకే పొరపాటు నుంచి పుట్టాయని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. రెండుసార్లూ నేను అనుకున్నది ఒకటే: ఆ లైటు నా బండి ఆరోగ్యం గురించి నాతో మాట్లాడుతోందని. ఆరోగ్యం బానే ఉందిగా అని ఒకసారి కొట్టిపారేశాను, ప్రాణం మీదికొచ్చిందని ఇంకోసారి హడలిపోయాను. నిజానికి ఆ దీపం నాకోసం పెట్టింది కాదు. బండి వెనక గొట్టం నుంచి బయటికి పోయే గాలి కోసం పెట్టింది. చట్టం చెప్పింది కాబట్టి పెట్టింది. ఈ ఒక్క సంగతి తలకెక్కితే ఆ దీపం పిచ్చి చేష్టల్లో ముప్పావు వంతు అర్థమైపోతాయి.

కాస్త వెనక్కి వెళ్లాలి. 1940ల్లో లాస్ ఏంజెలిస్ నగరాన్ని కళ్లు మండించే ఒక పొగమంచు కమ్మేది. 1943 జులైలో అది ఎంత దట్టంగా వచ్చిందంటే, యుద్ధకాలం కదా, శత్రువు విషవాయువు వదిలాడేమోనని జనం అనుమానపడ్డారు. శత్రువెవరో 1950ల మొదట్లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో పనిచేసే రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ తేల్చాడు. బండ్ల నుంచీ చమురు శుద్ధి కేంద్రాల నుంచీ వచ్చే కాలని ఇంధనపు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయి. అంటే శత్రువు ఎవరింటి ముందు వాళ్లకే పార్క్ చేసి ఉంది. 1970లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. 1975 మోడళ్ల నుంచి సైలెన్సర్ దారిలో, పొగలోని విషాలను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చి కూర్చుంది.

ఆ కన్వర్టర్‌తోనే అసలు చిక్కు మొదలైంది. మూడు రకాల విషాలనూ ఒకేసారి శుభ్రం చేసే కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలంటే ఇంజిన్‌లోకి పోయే పెట్రోలు, గాలి నిష్పత్తి చాలా కచ్చితంగా ఉండాలి. ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి, బరువు లెక్కన. గాలినీ పెట్రోలునూ కలిపే పాతకాలపు కార్బురేటర్‌కు అంత నిలకడ ఎక్కడిది? అందుకని పొగదారిలో ఆక్సిజన్ సెన్సర్ పెట్టారు. అది చెప్పేది విని క్షణక్షణానికీ పెట్రోలు సవరించడానికి కంప్యూటర్ పెట్టారు. ఇక్కడే ఒక తెలివైన ప్రశ్న వచ్చింది: ఆ సెన్సరే చెడిపోతే? బండి ఆగదు. డ్రైవరుకు తేడా తెలియదు. ఏళ్ల తరబడి కంపు కొడుతూ హాయిగా తిరుగుతుంది. ఎవరికీ నొప్పి తెలియని జబ్బు అది. ఆ జబ్బుకు నొప్పి పుట్టించడానికి కనిపెట్టిందే ఈ దీపం. కాలిఫోర్నియా 1988 మోడళ్ల నుంచి దాన్ని తప్పనిసరి చేసింది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారులోనూ బండి తన లోపాలను తానే పరీక్షించుకుని చెప్పే ఓబీడీ-2 అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001లో వచ్చింది. స్టీరింగు కింద, మోకాళ్ల దగ్గర ఉండే ఆ పదహారు పిన్నుల సాకెట్టు అప్పటి సంతానమే.

చట్టం భాషలో దాని పేరు కూడా "చెక్ ఇంజిన్" కాదు, ఎంఐఎల్. లోపాన్ని సూచించే దీపం అని. ఏ లోపం? అమెరికా నిబంధనల్లో చాలా భాగాలకు ఉన్న కొలత ఇది: ఈ లోపం వల్ల పొగ, ఆ బండికి అనుమతించిన హద్దుకు ఒకటిన్నర రెట్లు దాటే అవకాశం ఉంటే దీపం వెలగాలి. మీ ఇంజిన్ ఎన్నాళ్లు బతుకుతుందన్న ప్రస్తావన ఈ లెక్కలో లేదు.

ఇప్పుడు ట్యాంకు మూత సంగతి చూడండి. పెట్రోలు కొట్టించాక మూత సరిగ్గా బిగించకపోతే లైటు వెలుగుతుందని అందరూ విన్నదే, విని నవ్వుకున్నదే. "మూత వదులైతే ఇంజిన్ చూసుకోమంటుందేంటి, తెలివితక్కువది" అని. ఇంజిన్‌కు మూతతో నిజంగానే ఏ సంబంధమూ లేదు. గాలికి ఉంది. ట్యాంకులోంచి లేచే పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా బొగ్గు నింపిన డబ్బాలో పట్టి, తర్వాత ఇంజిన్‌లోకి పంపి కాల్చేసే ఏర్పాటు ఒకటి ఉంది. ఆ ఏర్పాటుకు ఎక్కడైనా చిల్లి పడిందేమోనని కంప్యూటర్ తనంతట తానే పరీక్షించుకుంటుంది. కఠినమైన నిబంధన ఉన్నచోట అర మిల్లీమీటరు చిల్లిని కూడా పట్టాలి. అర మిల్లీమీటరు! గుండుసూది గుచ్చితే పడేది దానికంటే పెద్దదే. అంత నిక్కచ్చి ఎందుకంటే కదలకుండా నిలబడ్డ బండి కూడా ఎండలో ఆవిరి వదులుతుంది కాబట్టి. మూత వెర్రి కాదు, మనం ప్రశ్న తప్పుగా అర్థం చేసుకున్నాం, అంతే.

దీనికి రెండో వైపు ఇంకా ముఖ్యం. ఆ దీపం పట్టించుకోని విషయాలు చాలా ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి పడిపోతే చెప్పడానికి వేరే దీపం ఉంది, ఎర్రది, నూనెకుండ బొమ్మది. ఇంజిన్ మరిగిపోతే చెప్పేదీ ఎర్రదే. మా బావమరిది ఒకసారి పసుపు దీపం చూసి కంగారుపడి ప్రయాణం మానేశాడు. అదే మనిషి ఇంకో ఏడాది ఎర్ర నూనెకుండ మిణుకుమిణుకుమంటుంటే "ఇంకొంచెం దూరమే కదా" అని పది కిలోమీటర్లు లాగించాడు. మొదటిసారి దొరికింది వదులైన మూత. రెండోసారి ఇంజిన్ మొత్తం విప్పాల్సి వచ్చింది. పసుపుకు ఉన్న పలుకుబడి ఎరుపుకు దక్కలేదు. ఎందుకంటే పసుపు దీపం మీద ఇంజిన్ బొమ్మ ఉంది మరి! ఇంజిన్‌ను నిజంగా చంపే లోపం చెప్పేదాని మీదేమో కుండ బొమ్మ. బొమ్మలు గీసినవాళ్లను ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం పసుపు దీపం కూడా ఎర్రదానితో సమానం. నిలకడగా వెలగకుండా కొట్టుకుంటూ ఉంటే. టిక్, టిక్, టిక్ అని వెలిగి ఆరుతుంటే ఏదో సిలిండర్లో మంట అంటుకోవడం లేదని, అదీ కన్వర్టర్‌ను పాడుచేసే స్థాయిలో అని. షెడ్డు భాషలో ఇంజిన్ మిస్సింగ్. కాలకుండా వచ్చిన పెట్రోలు పోయి వేడి కన్వర్టర్ మీద పడుతుంది. సిలిండర్లో కాలవలసింది అక్కడ కాలుతుంది. కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె ఉంటుంది, దాని గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. వేడి హద్దు మీరితే ఆ దిమ్మె కరిగి, పగిలి, పొగదారినే మూసేస్తుంది. బండిలో అంత ఖరీదైన భాగాలు ఎక్కువ లేవు. కాబట్టి కొట్టుకుంటున్న దీపాన్ని చూస్తే యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించి, సాధ్యమైనంత త్వరగా ఆపేయడమే. అప్పుడు బండి కూడా వణుకుతూ సాధారణంగా మీకే తెలిసిపోతుంది. ఈ ఒక్క చోట గాలి మేలూ, మీ జేబు మేలూ సరిగ్గా ఒకటే.

ఇక నిలకడగా వెలిగే దీపం. ఇక్కడ చేయాల్సింది ఆలోచించడం. నేను చేయనిది అదే.

పదమూడో రోజు షెడ్డులో కుర్రాడు ఆ పదహారు పిన్నుల సాకెట్టుకు స్కానరు తగిలించాడు. పీ0171 అనే కోడు వచ్చింది. దాని అర్థం: మిశ్రమం పలచగా ఉంది, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. "సార్, ఆక్సిజన్ సెన్సర్ పోయింది" అన్నాడు తెర మీంచి తల ఎత్తకుండా. నేను తలాడించాను. అంత ధీమాగా చెబితే ఎవరు మాత్రం తలాడించరు? కొత్త సెన్సర్ వేశాడు, కోడు చెరిపాడు, లైటు ఆరింది. ఎంత సంతోషమంటే, ఇంటికెళ్లే దారంతా డాష్‌బోర్డునే చూస్తూ నడిపాను. నాలుగో రోజు లైటు మళ్లీ వచ్చింది. అదే కోడు.

ఆ కోడును ఇప్పుడు మళ్లీ చదవండి. "మిశ్రమం పలచగా ఉంది" అంటోంది. "సెన్సర్ పోయింది" అని ఎక్కడుంది? మిశ్రమం పలచగా ఉందని కంప్యూటర్‌కు చెప్పిందే ఆ సెన్సర్. ఉన్నమాట చెప్పినందుకు దాన్ని పీకి చెత్తబుట్టలో పడేశాం. ఇంట్లో కాలిన వాసన వస్తోందన్నవాణ్ణి గెంటేసి, వాసన రాదన్నవాణ్ణి తెచ్చుకున్నట్టు. పాపం ఆ కొత్తదానికీ ముక్కుంది కాబట్టి నాలుగు రోజులకు అదీ అదే మాట చెప్పింది.

ఈసారి ఇంకో షెడ్డుకు వెళ్లాను. అక్కడి పెద్దాయన స్కానరు తగిలించాడు గానీ కోడు చూసి ఊరుకోలేదు. "ఇది చదవడం అందరికీ వచ్చు బాబూ, ఆ పక్క పేజీ చూద్దాం" అన్నాడు. పక్క పేజీ అంటే కోడు పడిన క్షణాన బండి ఎలా ఉందో కంప్యూటర్ తీసిపెట్టుకున్న ఫొటో లాంటిది, ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, బండి వేగమెంత, నీళ్ల వేడి ఎంత, బరువెంత లాగుతోంది అన్నీ ఉంటాయి. మా బండి కోడు పడింది నిలబడి ఉన్నప్పుడు, ఐడిలింగులో. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా ఇంకో అంకె చూపించాడు. కంప్యూటర్ తన మామూలు లెక్క కంటే ఎంత శాతం పెట్రోలు అదనంగా పోయాల్సి వస్తోందో చెప్పే అంకె, ఫ్యూయల్ ట్రిమ్. పది శాతం లోపు అటూ ఇటూ ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. మాది ఐడిలింగులో 22. ఆయన యాక్సిలరేటర్ తొక్కి నిమిషానికి 2500 చుట్ల దగ్గర నిలబెట్టాడు. అంకె మెల్లగా దిగి 6 దగ్గర ఆగింది.

"సెన్సర్ అబద్ధాలకోరైతే అన్ని వేగాల్లోనూ అబద్ధం చెప్పాలి కదా. ఇది నిలబడితే ఒక మాట, పరిగెత్తితే ఒక మాట చెబుతోంది. ఎక్కడో దొంగగాలి దూరుతోంది" అన్నాడు.

ఎంత సులువైన తర్కమో! గాలి కొలిచే మీటరు దాటాక ఏదో పైపుకు పగులు ఉంటే, లెక్కలోకి రాని గాలి ఆ సందులోంచి లోపలికి వస్తుంది. ఐడిలింగులో ఇంజిన్ పీల్చే మొత్తం గాలే కొంచెం, కాబట్టి అందులో దొంగగాలి వాటా పెద్దది. తొక్కితే అసలు గాలి వరదలా వస్తుంది, దొంగగాలి అందులో కలిసిపోతుంది. అంకె తిరగబడి, తొక్కేకొద్దీ పెరిగితే కథ వేరు. అప్పుడు గాలి మీటరు మురికి పట్టిందనో, పెట్రోలు పంపు నీరసించిందనో చూడాలి. ఇంత సమాచారం ఆ ఒక్క అంకెలో ఉంది. మొదటి షెడ్డులో అదే స్కానరు, అదే అంకె. చూడలేదంతే.

ఇంజిన్‌లోకి గాలి పోయే దారి, అంటే ఇన్‌టేక్ గొట్టంలోకి తెల్లటి పొగ పంపించాడు. రెండు నిమిషాలకు ఇంజిన్ వెనక, కంటికి కనిపించని మూలనుంచి సన్నటి తీగలా పొగ లేచింది. ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్‌లోని ఆవిరిని ఇన్‌టేక్‌లోకి తెచ్చే రబ్బరు పైపు, వంపు దగ్గర కింది వైపున పగిలి ఉంది. పైనుంచి చూస్తే కొత్తదానిలా మెరుస్తోంది. నా బొటనవేలంత పొడుగు లేని పైపు.

ఆ రోజు నుంచి నాకో నియమం: కోడు రోగం పేరు కాదు, రోగి చెప్పిన మాట. "కడుపులో నొప్పి" అంటే కడుపు కోసేయరు. పీ0420 వస్తే కన్వర్టర్ బలహీనమైందని కంప్యూటర్ అనుమానం. దాని తర్వాత ఉన్న రెండో ఆక్సిజన్ సెన్సర్ అంకె నిలకడగా ఉండాల్సింది పోయి ముందు సెన్సర్‌తో పాటే ఊగుతోందని దాని సాక్ష్యం. ఆ సాక్ష్యం చాలాసార్లు నిజమే. కానీ పొగ గొట్టానికి ఎక్కడైనా చిన్న కంత ఉండి బయటి గాలి లోపలికి పోతున్నా అచ్చం అదే కోడు రావచ్చు. అంత ఖరీదైన కన్వర్టర్ మార్చేముందు గొట్టం చుట్టూ ఒకసారి చూడమని అడిగితే తప్పేముంది? పీ0128 వస్తే ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కడం లేదని. సాధారణంగా కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోతుంది, కూలెంట్ తగ్గినా రావచ్చు. పీ0302 అంటే రెండో సిలిండర్లో మంట తప్పుతోందని. తప్పు మంట అంటించే ప్లగ్గుదా, దానికి కరెంటిచ్చే కాయిల్‌దా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌దా అన్నది చెప్పదు. దీనికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ప్లగ్గు మీద విడి కాయిళ్లు ఉండే ఇంజిన్లలో, ఇంజిన్ ఆపి, చల్లారాక, రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి పెట్టడం. కోడు పీ0303గా మారిందా, దొంగ కాయిలే. మారలేదా, కాయిల్ నిర్దోషి. కొత్త భాగం ఒక్కటి కూడా కొనకుండా ఒక అనుమానితుణ్ణి తేల్చేసుకున్నట్టు.

అందుకే ఫోనుకు కలిసే చిన్న స్కానరు ఒకటి బండి ఉన్న ప్రతివాళ్ల దగ్గరా ఉండాలంటాను. ఈఎల్ఎం327 అనే చిప్పు పేరు మీద, దాని నకళ్ల మీద బోలెడు దొరుకుతాయి. రిపేరు మనమే చేసుకోవడానికని కాదు. నేను ఇప్పటికీ ఎయిర్ ఫిల్టర్ కంటే కష్టమైనది మార్చలేను. షెడ్డుకు వెళ్లినప్పుడు "లైటు వెలుగుతోంది, చూడండి" అనడానికీ, "ఐడిలింగులో ట్రిమ్ 22 ఉంది, తొక్కితే తగ్గుతోంది" అనడానికీ ఎదుటివాడి ముఖంలో వచ్చే మార్పు చూడాల్సిందే. (వాడాక సాకెట్టులోంచి పీకేయడం మరవకండి. ఆ సాకెట్టుకు కరెంటు ఎప్పుడూ ఉంటుంది. రోజుల తరబడి నిలిపి ఉంచిన బండిలో అది బ్యాటరీని మెల్లగా తాగేస్తుంది. ఎలా తెలిసిందని అడగొద్దు.)

స్కానరులో ఒక మీట మాత్రం ప్రమాదకరం. కోడు చెరిపేసే మీట. నా కోపమంతా దాని మీదే. "ఏం కాదన్నా, చెరిపేస్తా, మళ్లీ వస్తే చూద్దాం" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. వినడానికి వినయంగా ఉంటుంది, ఖర్చు లేదు, లైటు ఆరిపోతుంది. కానీ ఆ మీట నొక్కినప్పుడు కోడుతో పాటు పెద్దాయన చదివిన ఆ పక్క పేజీ కూడా పోతుంది. దొంగ పడ్డ ఇంట్లో వేలిముద్రలు తుడిచేసి, మళ్లీ దొంగతనం జరిగితే చూద్దామన్నట్టు. పైగా బండి తన మీద తాను చేసుకున్న పరీక్షల ఫలితాలన్నీ సున్నాకు వస్తాయి. కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, ట్యాంకు ఆవిరి, అన్నీ మొదటినుంచి పరీక్షించుకోవాలి. దానికి రోజులు పట్టొచ్చు. బ్యాటరీ వైరు పీకి పెట్టినా చాలా బండ్లలో జరిగేది ఇదే.

చెరిపిన లైటు వెంటనే ఎందుకు రాదో తెలిస్తే ఆ సంతోషం ఎంత దొంగదో అర్థమవుతుంది. చాలా లోపాలకు కంప్యూటర్ ఒక్కసారి చూసి దీపం వెలిగించదు. మొదటిసారి కనిపిస్తే పెండింగు కోడుగా మనసులో పెట్టుకుంటుంది. తర్వాతి ప్రయాణంలోనూ అదే కనిపిస్తేనే దీపం. తొందరపడి నిందవేయకూడదని ఆ జాగ్రత్త. నాకు దొరికిన నాలుగు రోజుల శాంతి కొత్త సెన్సర్ మహిమ కాదు, కంప్యూటర్ మర్యాద. నిజంగా బాగుపడితే లైటును ఎవరూ ఆర్పక్కర్లేదు. ఆ పరీక్ష వరుసగా మూడు ప్రయాణాల్లో నెగ్గితే దానంతట అదే ఆరుతుంది. ఇంజిన్ నలభైసార్లు చల్లారి వేడెక్కేలోపు ఆ లోపం మళ్లీ కనబడకపోతే కోడు కూడా జ్ఞాపకంలోంచి పోతుంది. ఇంత ఓపిక ఉన్న యంత్రం పక్కన కూర్చుని మనకు రెండు రోజుల ఓపిక లేదు.

పాత బండి కొనేవాళ్లకు ఈ మాట ఇంకా పనికొస్తుంది. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు డాష్‌బోర్డు చూడండి. చెక్ ఇంజిన్ దీపం వెలగాలి. తాను బతికే ఉన్నానని చెప్పడానికి వెలుగుతుంది. స్టార్ట్ చేశాక ఆరాలి. అసలు వెలగనే వెలగకపోతే బల్బు పోయి ఉండాలి, లేదా ఎవరో దాని నోరు కట్టేసి ఉండాలి. వెలిగి ఆరినా సరే, స్కానరు పెట్టి స్వీయపరీక్షలు పూర్తయ్యాయా లేదా చూడండి. సగానికి పైగా "కాలేదు" అని ఉంటే, నిన్నో మొన్నో ఎవరో ఆ మీట నొక్కి ఉండాలి, లేదా బ్యాటరీ వైరు పీకి ఉండాలి. ఎందుకో అడిగి, జవాబు చెబుతున్నప్పుడు ముఖం చూడండి.

ఇక్కడ నా వాదనకు గట్టి ఎదురుమాట ఒకటి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. "దీపం గాలి కోసమే అన్నావుగా. కన్వర్టర్ నీరసించినంత మాత్రాన నా బండికి వచ్చిన లోటేంటి? మైలేజీ తగ్గలేదు, పికప్ తగ్గలేదు. నేనెందుకు పట్టించుకోవాలి?" అని. నిజమే. ముసలిదైన కన్వర్టర్‌తో, మిగతావన్నీ బాగుంటే, బండి ఏళ్లు తిరగగలదు. నష్టం జరుగుతుందని మిమ్మల్ని భయపెట్టి నేను గెలవను. నష్టం జరిగేది వెనకాల నడిచొచ్చేవాడికి, పక్క బండిలో అద్దం దించుకున్న పిల్లకు. అది కారణంగా సరిపోతుందా లేదా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే. నాకు సరిపోతుంది.

కానీ ఒక్క లోపానికి లొంగి దీపాన్ని అలా వెలగనిస్తే ఇంకో చిక్కు ఉంది. దీపం ఒక్కటే. మొన్నటి కోడుతో వెలిగి ఉన్న దీపం, రేపు ఇంకో కోడు వస్తే కొత్తగా వెలగలేదు. కన్వర్టర్ కోడుకు అలవాటుపడ్డ కళ్లకు, దాని వెనకే మిశ్రమం పలచబడిందన్న కబురు చేరదు. మా స్నేహితుడొకడు దీపం మీద నల్ల టేపు అంటించుకున్నాడు. కారణం తెలుసు, చిన్నదే, ఇప్పుడు బాగుచేయించడం కుదరదు అని. ఏడాది తర్వాత టేపు కింద దీపం టిక్కుటిక్కుమని కొట్టుకుందట. అతనికి తెలిసింది బండి వణికిన తర్వాతే. ముందున్నది ఎక్కడో చిన్న ఆవిరి లీకు. చివరికి పోయింది కన్వర్టర్. ఒక దీపాన్ని మూసేస్తే మూసుకునేది ఒక్క కబురు కాదు.

ఆ దీపం ఎప్పుడూ నిజమే చెబుతుందని కూడా నేననను. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఫోక్స్‌వాగన్‌కు ఇచ్చిన నోటీసు గుర్తుందిగా. డీజిల్ కార్లలోని సాఫ్ట్‌వేర్ తాను పరీక్షలో ఉన్నానని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగను పూర్తిగా శుభ్రం చేసేది. రోడ్డు మీద కొన్ని సందర్భాల్లో నైట్రోజన్ ఆక్సైడ్లు హద్దుకు 40 రెట్ల దాకా పోయేవి. ప్రపంచమంతా కలిపి కోటీ పది లక్షల బండ్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. ఇది చదివినప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఆ డాష్‌బోర్డుల గురించే. హద్దు దాటితే వెలగాల్సిన దీపం నలభై రెట్లకు చల్లగా, నల్లగా కూర్చుంది. దీపాన్ని వెలిగించే కంప్యూటరే దొంగతనంలో భాగస్వామి అయినప్పుడు దీపం ఏం చేస్తుంది? దాన్ని పట్టుకున్నది బండి లోపలి సాధనాలు కాదు. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచే యంత్రాలు బండిలోనే పెట్టుకుని, రోడ్డు మీద నడుపుతూ చూసి పట్టుకున్నారు.

కంపెనీల మీద నాకు ఇంతకంటే చిన్న ఫిర్యాదు, కానీ రోజూ ఉండేది ఇంకోటి ఉంది. ఇవాళ బండ్లలో జానెడు తెరలు, మూరెడు తెరలు పెడుతున్నారు. ఏ పాట మోగుతోందో, టైరులో గాలెంతో, తలుపేది సరిగ్గా పడలేదో అక్షరాల్లో చెబుతాయి. చెక్ ఇంజిన్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం నలభై ఏళ్ల నాటి మౌనవ్రతం. కొన్ని బండ్లు "ట్యాంకు మూత సరిచూడండి" అని రాస్తాయి. అంటే రాయొచ్చన్నమాట. "రెండో సిలిండర్లో మంట తప్పుతోంది" అని రాస్తే ఆకాశం విరిగి పడదు. కోడు ఉంది, దాని అర్థం ఉంది, తెర ఉంది. లేనిది చెప్పే మనసు. చెప్పకపోవడం వల్ల లాభపడేది ఎవరో ఊహించడం కష్టం కాదు. "సెన్సర్ పోయింది సార్" అన్న ఆ కుర్రాణ్ణి నేను పెద్దగా తప్పుపట్టను. అతనికి ఎవరూ పక్క పేజీ చదవడం నేర్పలేదు. నేను తలాడించినప్పుడు నాకూ ఎవరూ నేర్పలేదు.

ఇది రాస్తున్న రోజుల్లోనే మా బండి దీపం మళ్లీ వెలిగింది. పీ0457, ఆవిరి లీకు, మూత వదులు కావచ్చని. మూత తీసి చూస్తే రబ్బరు వాషరు ఒకచోట చిట్లి ఉంది. కొత్త మూత వేశాను. కోడు చెరపలేదు. రెండు రోజులుగా దీపంతోనే తిరుగుతున్నాను. మా ఆవిడ ఎక్కిన ప్రతిసారీ దాన్ని చూస్తుంది, తర్వాత నన్ను చూస్తుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆవిరి పరీక్ష జరగదు, మరీ అడుగంటినా జరగదు. ఇంజిన్ రాత్రంతా చల్లబడి కూడా ఉండాలి. మొన్ననే ట్యాంకు నింపాను. కాబట్టి మూడు ప్రయాణాల లెక్క ఇంకా మొదలే కాలేదు. ముల్లు ముప్పావుకు దిగేదాకా ఆగాలి.